అందరూ క్షేమం

కాల్చిన ఉల్లిపాయకు పసుపు అద్ది, పాతగుడ్డలో పెట్టి సెగ్గడ్డ మీద కడుతుండగా, మంచం మీద బోర్లా పడుకున్న నిత్యానందం తలగడలోకి మాట్లాడాడు.

"ఇంక నాలుగు పల్లెలే గదా మిగిలింది. నీ ఒక చేతికే అయిదు వేళ్ళుండాయి. కానీయి. ఇంకా ఒకటి మిగుల్తాది."

ఎలీషబాకు ఒక పట్టాన అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చేతిలో కట్టు ముడి కొంచెం బిగిసింది. మొగుడు కుయ్యోమన్నాడు.

నిత్యానందం బేస్తవారిపేటలో మిషనువారి సంచార బోధకుడు. చుట్టుపక్కల పది పల్లెలు అతని వంతు. నెలకొకసారి ప్రతి పల్లెకూ వెళ్ళాలి, ప్రార్థన జరపాలి, బడి చూడాలి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే డైరీలో రాయాలి. జబ్బు అని డైరీలో ఉన్న పల్లెకే నర్సమ్మ బండి కట్టుకుని వెళుతుంది. లేని పల్లెకు వెళ్ళదు. ఈ పనికి మిషను అతనికి ఒక సైకిలు ఇచ్చింది, ఒక లావుపాటి డైరీ ఇచ్చింది. సైకిలు అతను తొక్కేవాడు. డైరీ ఆమె రాసేది.

పెళ్ళయిన కొత్తలో "నీ చేతిరాత ఎంత బాగుండాదో, నాది కోడి కెలికినట్టుంటాది" అని ముద్దుగా అన్నాడు. ఆ ముద్దుకు మురిసిపోయి కలం అందుకుంది. ఆరేళ్ళయింది, ఇంకా దించలేదు. మొదట్లో ఊరు తిరిగొచ్చి అన్నీ చెప్పేవాడు, ఆమె రాసేది. తర్వాత సగం చెప్పి సగం ఆవలించేవాడు. ఇప్పుడు "పోయిన నెలది చూసి రాసెయ్" అని దుప్పటి కప్పుకుంటాడు. పేట బడిలో అరవైమంది పిల్లలతో గొంతు చించుకుని వచ్చి, పొయ్యి రాజేసి, వండి, వడ్డించి, అంట్లు తోమి, అతని టైర్లలో ముళ్ళు ఏరి, పంక్చరు ఉంటే అతికి, చెయినుకు ఆముదం పట్టించి, అప్పుడు డైరీ ముందు కూర్చునేది. కిందటేడు సభలో దొర లేచి, "నిత్యానందం డైరీ చదివితే ఆ పల్లెలో నిలబడి చూసినట్టే ఉంటుంది" అన్నాడు. నిత్యానందం లేచి వినయంగా తల వంచాడు. వెనక ఆడవాళ్ళ చాప మీద కూర్చున్న ఎలీషబా, పక్కావిడ బిడ్డ ముక్కు తుడుస్తూ ఉంది.

ఈ ఏడు కొత్త దొర వచ్చాడు, కొత్త రూలు తెచ్చాడు. ప్రతి పల్లెలోనూ పెద్దమనిషి డైరీలో సంతకం చెయ్యాలి, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. అందుకని డైరీతోపాటు రేకు మూత ఉన్న సిరా డబ్బా ఒకటి ఇచ్చారు. శనివారం కొమరోలులో సభ, డైరీలు అక్కడ ఒప్పజెప్పాలి. ఆరు పల్లెలు పూర్తయ్యాయి. ఇంతలో ఎండలకు నిత్యానందానికి సెగ్గడ్డ లేచింది. లేచినది కూడా సరిగ్గా సైకిలు సీటు తగిలే చోటనే లేచింది. ఇవాళ గురువారం.

"నేను వేలిముద్ర వెయ్యను" అంది ఎలీషబా.

"అబ్బ, ఏం అరిగిపోతాదా? రేపు నేను బొగ్గుతో నడిచే బస్సులో కొమరోలుకు పోయి అక్కోళ్ళింట్లో పండుకుంటా. రాత్రికి ముద్రలేసి ఇయ్యి. ఆడదాని వేలెవురు గుర్తుపడతారు?"

ఆ మాట అనేసి అతను నిద్రపోయాడు. ఆమెకు నిద్ర పట్టలేదు. అమ్మ యల్లమ్మ గుర్తొచ్చింది. కంది చేలల్లో, కొర్ర చేలల్లో కూలికి పోయి, కాగితం మీద ఎక్కడ వేలు నొక్కమంటే అక్కడ నొక్కి, దేనికి నొక్కిందో తెలియక ఉన్న ఒక్క మేకనూ పోగొట్టుకున్న మనిషి. "నా కూతురు వేలు సిరాలో పడగూడదు" అని పంతం పట్టి బడికి తోలింది. ట్రైనింగు పాసైన రోజున కూతురు చేసిన సంతకాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఇప్పుడు ఆ కూతురు, నాలుగు ఊళ్ళ మగవాళ్ళ పేరు మీద నాలుగు వేళ్ళు సిరాలో ముంచాలట! మొగుడు పండుకుని ఉండగా! ఎలీషబాకు ఒళ్ళు మండిపోయింది. అన్నేళ్ళుగా అన్ని అబద్ధాలు రాసినప్పుడు మండని ఒళ్ళు ఇవాళ ఎందుకు మండిందో ఆమెకే ఆశ్చర్యమనిపించింది. మండితే మండిందిలే, ఇప్పటికైనా మండింది అనుకుంది.

కోడి కూసే వేళకు లేచి, రెండు జొన్నరొట్టెలు కాల్చుకుంది. నాలుగు పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ మూటగట్టింది. సొరకాయ బుర్రలో నీళ్ళు నింపింది. డైరీ, సిరా డబ్బా, అతుకుల సామాను సంచిలో వేసుకుంది. పలక మీద బలపంతో, "మిగిలిన నాలుగు పల్లెలకూ నేనే పోతున్నాను. సాయంత్రానికి కొమరోలులో వదిన ఇంటికి వస్తాను" అని రాసి మంచం కింద పెట్టింది. తర్వాత చీర విప్పి, చిన్నప్పుడు అమ్మ కట్టినట్టు గోచీ పోసి కట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎలీషబా వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళందరూ గోచీ పోసే కట్టేవాళ్ళు. ఆ కట్టుతోనే నాట్లు, కోతలు, మూటలు, పరుగులు. మిషను బడికి వచ్చాక కుచ్చిళ్ళు పాదాల మీదికి జారాయి. పెళ్ళయి కాపురానికి వచ్చిన మొదటి వారమే నిత్యానందం అక్క సంతోషమ్మ, "ఏందే అమ్మే, కూలోళ్ళ మాదిరి? పంతులమ్మవైనావు. పిక్కలు కనపడకుండా కట్టు" అని దగ్గరుండి చీర కిందికి లాగింది. మర్యాద రావడం అంటే కాళ్ళు పోవడమని అప్పుడు తెలియలేదు. ఇవాళ గోచీ బిగించి రెండడుగులు వేసేసరికి, ఆరేళ్ళుగా తన కాళ్ళు తన దగ్గర లేవన్న సంగతి తెలిసింది.

సైకిలు తొక్కడం ఆమెకు వచ్చు. ఎవరూ నేర్పలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మొగుడు పడుకున్నాక బడి ఆవరణలో నేర్చుకుంది. మగవాళ్ళ సైకిలు, పైన కడ్డీ, ఎత్తు సీటు. మూలన పడి ఉన్న పాత రోలు మీద నిలబడి ఎక్కేది, గుండ్రంగా పది చుట్లు తిరిగి మళ్ళీ ఆ రోలు దగ్గరికే వచ్చి దాని మీద కాలు మోపి దిగేది. అంచేత ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది, రోలు లేకుండా దిగడం మాత్రం రాలేదు. ఆ లోటు సంగతి ఆమెకు రోడ్డెక్కేదాకా తట్టలేదు.

మొదటి రెండు పల్లెలు దగ్గర దగ్గరే. రెండు చోట్లా ఊరి మొదట్లో రాయి ఉంది, దిగింది. మొదటి పల్లెలో పెద్దమనిషి సీమోను ఆమెను కింద నుంచి పైదాకా చూసి, ఏమీ అడక్కుండా వేలు నొక్కాడు. అతని పెళ్ళాం మాత్రం మజ్జిగ తెచ్చి ఇస్తూ, "అయ్యగారు వస్తే కోడి కొయ్యాల, ప్రార్థన చెయ్యాల, పంపాల. ఇంట్లో ఎవురెట్లుండారని ఒకనాడన్నా అడిగినోడు కాదమ్మా" అంది. ఎలీషబా డైరీ తీసి, పోయిన నెల ఆ పల్లె కింద తను రాసినది చూసుకుంది. "ప్రతి గృహమును దర్శించి స్త్రీలతోను పిల్లలతోను మాటలాడితిని." రాత అందంగా ఉంది. ఆమె మజ్జిగ తాగి చెంబు కిందపెట్టింది.

మూడో పల్లెకు వెళ్ళాలంటే రైతుల ఊరు దాటాలి. దాన్ని పెద్దూరు అంటారు. పెద్దూరి నడివీధిలో మాలమాదిగలు చెప్పులు చేతబట్టుకుని నడవాలి, సైకిలుంటే దిగి నెట్టుకుంటూ పోవాలి. ఇది రాసి పెట్టిన రూలు కాదు. రాయకపోయినా అందరికీ తెలుసు. నిత్యానందం ఫర్లాంగు ముందే దిగి, టోపీ తీసి, సైకిలును గేదెను తోలుకుపోయినట్టు తోలుకుపోయేవాడు. దానికి డైరీలో ఆమె రాసేది: "పెద్దూరి వీధిలో పెద్దలతో సంభాషించుచు కాలినడకన వెళ్ళితిని."

పెద్దూరు మొదట్లో దిగుదామని ఆమె చూసింది. రాయి లేదు, గట్టు లేదు, అరుగులన్నీ వాళ్ళవి. పైగా వీధి వాలుగా ఉంది. సైకిలు దాని దారిన అది జోరందుకుంది. బ్రేకు నొక్కితే కుయ్యిమంది గాని ఆగలేదు. అరుగు మీద పళ్ళు తోముకుంటున్న పుల్లయ్య అనే రైతు వేపపుల్ల నోట్లోనుంచి తీసి, "ఏయ్! ఎవుర్తివే నువ్వు? దిగు! దిగి నడువు!" అని లేచాడు.

"దిగేది రాదు నాయనా!" అని అరిచింది ఎలీషబా.

"ఏందీ?"

"ఎక్కేదే వచ్చు! దిగేది రాదు!"

నీళ్ళ బిందెతో ఎదురొచ్చిన పుల్లయ్య పెళ్ళాం నాగరత్నమ్మ చటుక్కున పక్కకు తప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వుతోందని భుజాలు చెప్పాయి. పుల్లయ్య కేకలు వెనకబడ్డాయి. ఊరు దాటి, వాగు ఇసకలో సైకిలు దిగబడి దానంతటదే ఆగి ఆమెను పడేసింది. మోచేయి చీరుకుపోయింది. ఇసకలో కూర్చుని రక్తం తుడుచుకుంటూ ఎలీషబా ఒక్కతే పకపకా నవ్వింది. తర్వాత ఏడుపొచ్చింది. భయపడి కాదు. మొగుడు ఆరేళ్ళు తల వంచి నడిచిన వీధిలో తను తల ఎత్తి వెళ్ళింది ధైర్యంతో కాదు, చేతకాక. ధైర్యంతో వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది! వచ్చే నెల దిగడం నేర్చుకుని మరీ దిగకుండా పోతాను అనుకుంది.

మూడో పల్లెలో ముద్ర అయ్యేసరికి ఎండ ముదిరింది. ఇక మిగిలింది జువ్వికనుమ.

జువ్వికనుమ పల్లె వెలికొండల మడతలో, కనుమకు అవతల ఉంది. ఈ వైపు నుంచి రెండు మైళ్ళు ఎక్కుడు. దారంతా జారుడు రాళ్ళు, పక్కన లోయ, ఎక్కడ చూసినా తుమ్మముళ్ళు. కింద నుంచే సైకిలు నెట్టడం మొదలుపెట్టింది. సగం దూరంలో ముందు టైరు ఉస్సుమంది. యుద్ధం రోజులు, కొత్త టైర్లు దొరకవు, ఆ ట్యూబుకు అప్పటికే తొమ్మిది అతుకులున్నాయి. తొమ్మిదీ ఆమె వేసినవే. బండ సందులో ఉన్న కాసిని నీళ్ళలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, పదోది అతికింది. నిత్యానందానికి ఈ పని రాదు. దారిలో పంక్చరైతే ఆ ఊరు వదిలేసి ఇంటికి వచ్చేసేవాడు. డైరీకి మాత్రం పంక్చరు ఎన్నడూ అయింది లేదు.

రొట్టె తిని మళ్ళీ నెట్టింది. కొన్ని చోట్ల సైకిలును భుజానికెత్తుకోవలసి వచ్చింది. కనుమ నెత్తికి చేరాక తిరిగి చూస్తే కింద చేలు, చెరువులు, దూరంగా పేట వైపు దుమ్ము. ఇంతవరకూ ఇంత ఎత్తునుంచి ఆమె దేన్నీ చూడలేదు. ఇక్కడినుంచి చూస్తే ఎట్లుంటుందో మాత్రం ఏడాదిన్నర క్రితమే డైరీలో రాసింది. "కనుమపైనుండి చూడగా దేవుని సృష్టి కన్నులపండువుగా నుండెను." సరిగ్గానే రాసిందే అనుకుని, సిగ్గుపడింది.

పల్లెలో పదకొండు గడపలు. మగవాళ్ళెవరూ లేరు. వెదురు కొట్టడానికి అడవిలోకి పోయి వారమైందట. గోచీ కట్టుతో సైకిలు తోసుకొస్తున్న మనిషిని చూసి ఆడవాళ్ళు ఒకరొకరే బయటికి వచ్చారు. నడివయసు మనిషి ఒకామె చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవురమ్మా నువ్వు?" అంది.

"బోధకుడయ్య భార్యను. పేట నుంచి వచ్చినా."

"బోధకుడెవురు?"

ఎలీషబా సైకిలుకు ఆనుకుని నిలబడింది. "నెలనెలా వస్తాడే, నిత్యానందమని..."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట పలకరించినామె పేరు మాలకొండమ్మ. "నెలనెలా యాడొచ్చినాడమ్మా? మూడేండ్ల కిందట ఒకపారి వచ్చినాడు. కనుమెక్కి రొప్పుతా వచ్చి, నీళ్ళు తాగి పాయె. అదే రావడం, అదే పోవడం."

ఇది ఎలీషబాకు తెలియని సంగతా? తెలుసు. కాకపోతే ఎన్నడూ ఇట్లా, ఒక మనిషి నోటినుంచి వినలేదు. నీడలో చాప వేసి కూర్చోబెట్టారు. వచ్చిన పని చెప్పింది. పెద్దమనిషి ముద్ర కావాలంది. మాలకొండమ్మ చూపు డైరీ మీద పడింది.

"దాంట్లో మా ఊరి సంగతి కూడా రాసినారా?"

"రాసినాం."

"ఏం రాసినారో చదువమ్మా. వింటాం. మా పేరు ఒక పుస్తకంలో ఉండేదని మాకేం తెలుసు?"

చదవకుండా తప్పించుకోవచ్చు. టైము లేదనవచ్చు. పదకొండు జతల కళ్ళు చూస్తున్నాయి. ఎలీషబా పేజీ తిప్పి, బడిలో పాఠం చదివే గొంతుతో మొదలుపెట్టింది. "జువ్వికనుమ. సంఘస్థులందరును క్షేమము. బడి చక్కగా నడుచుచున్నది. పిల్లలు పద్దెనిమిదిమంది."

"యా బడి?" అందొక పడుచు. "పంతులు పోయి మూడేండ్లాయె."

"పద్దెనిమిదిమందా! ఊరంతా వెతికినా తొమ్మిదిమందికి మించి లేరే" అని ఇంకొకామె నవ్వింది.

"నూతన బావియందు నీరు సమృద్ధిగా పడినది."

ఈసారి అందరూ నవ్వారు. ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఊరేదో బాగుందమ్మా. దారి జెప్పు, అందరం ఆడికే పోదాం" అంది. తర్వాతి పేజీలో ఏముందో ఎలీషబాకు తెలుసు. పేజీ తిప్పబోయిన వేలు ఆగిపోయింది.

"ఆపినావేం? చదువు" అంది మాలకొండమ్మ.

"మోషే కుమార్తె భాగ్యమ్మకు కాన్పు సుఖముగా జరిగినది. ఆడుశిశువు. తల్లియు బిడ్డయు క్షేమము. బిడ్డకు కరుణమ్మ అని నామకరణము చేసితిమి."

ఎవరూ నవ్వలేదు. ఎవరిదో మేకపిల్ల అరిచింది. మాలకొండమ్మ కూర్చున్న చోటనే కొంచెం ముందుకు వంగింది.

"ఇంకొకపారి చదువు."

చదివింది.

"భాగ్యమ్మ నా బిడ్డ" అంది మాలకొండమ్మ. గొంతు పెంచలేదు. "ఏడో నెలలో కాళ్ళు వాచినాయి, మొగం వాచింది. మా ఇంటాయన మోషే కనుమ దిగి మీ పేటకొచ్చి చెప్పి వచ్చినాడు. నర్సమ్మను పంపిస్తామన్నారంట. రోజూ కనుమ దిక్కు చూస్తా ఉంటిమి. రెండు నాళ్ళు నొప్పులు పడింది. ఫిట్సు వచ్చి పాయె. బిడ్డ గూడా. ఇదో, ఆ బండ పక్కన్నే ఇద్దరినీ."

మోషే వచ్చిన రోజు ఎలీషబాకు కళ్ళకు కట్టినట్టుంది. వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. ఆమే మజ్జిగ పోసింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, కాళ్ళు వాచినాయమ్మా అని ఆమెకు కూడా చెప్పాడు. అతను వెళ్ళాక ఆమె డైరీ తీసి 'భాగ్యమ్మకు జబ్బు' అని రాయబోతే నిత్యానందం చెయ్యి పట్టుకున్నాడు. "రాయొద్దు. రాస్తే, నువ్వు పోయి చూసినావా అంటాడు దొర. ఆ కనుమ ఎవురెక్కుతారు? ఆడోళ్ళకు కాళ్ళు వాయకుండా ఉంటాయా? క్షేమం అని రాయి." ఆమె కలం ఆగింది. తర్వాత రాసింది. అందరును క్షేమము. ఆ పొయ్యి, ఆ బడి, ఆ అంట్ల మధ్య మోషే మాట మరుగునపడింది. రెండు నెలలకు ఒక సాయంత్రం, ఎందుకో మనసు ఊరుకోక, కాన్పు సుఖంగా అయిందని తనంతట తానే రాసుకుంది. పేరు కూడా తనే పెట్టింది. ఆరేళ్ళుగా తన ఒళ్ళో పడని బిడ్డకు, "గొడ్డుమోతుదాన్ని కట్టుకున్నాడు మా తమ్ముడు" అని సంతోషమ్మ పదిమందిలో అన్నప్పుడల్లా మనసులో దాచుకున్న పేరు అది. ఆ పేజీనే పాత దొర కిందటేడు సభలో చదివి వినిపించాడు. అందరూ స్తోత్రమన్నారు. అప్పటికి భాగ్యమ్మ ఆ బండ పక్కన ఉంది.

"అది రాసింది నేను" అంది ఎలీషబా.

"మీ ఆయన చెప్పినాడా అట్ల రాయమని?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. సగం నిజం కూడా. "క్షేమమని రాయమన్నది ఆయన. ఈ కాన్పు రాసింది నేనే. ఎవరూ చెప్పలే. మీ ఆయన వచ్చినపొద్దు నేను వాకిట్లోనే ఉండా. విన్నా. వినీ రాయలే."

కొడతారేమో అనుకుంది. కొడితే బాగుండు అనుకుంది. మాలకొండమ్మ ఆమె మోచేతి దెబ్బ వైపు చూసింది. "కనుమెక్కి వచ్చినావు గదా ఈ పొద్దు. కూర్చోని సరిగ్గా రాయి" అంది. క్షమించానని అనలేదు. ఎలీషబా అడగనూ లేదు.

రాసింది. గ్రాంథికం వదిలేసి వాళ్ళు చెప్పినట్టే రాసింది. బడి లేదు. బావి లేదు, వాగు చెలమ నీళ్ళు. పిల్లలు తొమ్మిదిమంది. మూడేళ్ళలో కాన్పుల్లో పోయినవాళ్ళు ఇద్దరు, పేర్లు, ఏ నెల. ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళు ముగ్గురు, ఒకామెకు అప్పుడే కాళ్ళు వాచాయి, నర్సమ్మ వెంటనే రావాలి. బోధకుడు మూడేళ్ళలో వచ్చింది ఒక్కసారి. అంతా పైకి చదివి వినిపించింది. ఒకచోట వాళ్ళు దిద్దమంటే దిద్దింది. పెద్దమనిషి ముద్ర ఉండవలసిన చోట పదకొండు గడపల ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వేలు నొక్కారు. దేనికి నొక్కుతున్నారో తెలిసి నొక్కారు. మాలకొండమ్మ ఆఖర్న నొక్కి, వేలు చీరకు తుడుచుకోకుండా అట్లాగే ఉంచుకుంది.

అప్పుడు ఎలీషబా తన కుడి బొటనవేలు సిరాలో అద్దింది. అమ్మ ఎన్నటికీ పడకూడదన్న వేలు. వాటి పక్కనే పన్నెండోదిగా నొక్కింది.

అవతలి వైపు దిగుడు అయిదు మైళ్ళు. బ్రేకు సగమే పనిచేస్తుంది. గాలి చెవుల్లో హోరుమంటోంది, గులకరాళ్ళు ఎగిరి పిక్కలకు తగులుతున్నాయి. ఆమె అరిచింది. ప్రార్థన కాదు, పాట కాదు, ఉత్త అరుపు. ఇన్నాళ్ళూ ఈ కాళ్ళు ఉండగా, ఈ సైకిలు ఇంట్లో ఉండగా, ఒక్కరోజు ఎక్కి వచ్చి ఉంటే ఆ పిల్ల బతికేదన్న కోపం. చీర కిందికి లాగిన చేతుల మీద కోపం. ఆ చేతులకు ఒళ్ళప్పగించి ఊరుకున్న తన మీద అంతకన్నా కోపం. కొండ దిగేసరికి గొంతు బొంగురుపోయింది.

కొమరోలు చేరేసరికి ఇంకా పొద్దు కుంకలేదు. సంతోషమ్మ ఇంటి ముందు నీళ్ళ తొట్టి గట్టు మీద కాలు మోపి దిగింది. సంతోషమ్మ చాట కింద పడేసి, "ఓలమ్మో! ఆ కట్టేంది? ఆ పిక్కలేంది? నా పరువు తీస్తివి గదే! వాడు పొద్దున్నించీ కట్టు మార్చేవాళ్ళు లేక మూలుగుతా ఉండాడు. పో, ముందు ఉల్లిగడ్డ కాల్చు" అంది.

"ఆకలిగా ఉంది వదినా. ముందు నాకు సంగటి పెట్టు" అంది ఎలీషబా. ఎలీషబా తనే లోపలికి వెళ్ళి, కంచంలో పెట్టుకుని, పంచలో మొగుడి మంచం పక్కన నేల మీద కూర్చుని నిమ్మళంగా తింది.

నిత్యానందం బోర్లా పడుకునే డైరీ లాక్కుని తిరగేశాడు. మొదటి మూడు పల్లెలూ చూసి, "భలేదానివే! నిజంగానే పోయినావే!" అని మురిశాడు. నాలుగో పేజీ చదువుతుంటే మొహం మాడిపోయింది.

"ఇదేంది? ఎలీషబా, ఇదేందే?"

"జువ్వికనుమ."

"దొర చూస్తే నా ఉజ్జోగం ఉంటాదా? ఇల్లుంటాదా మనకు? చింపు. ఇప్పుడే చింపు. ఆడోళ్ళు ఏదో ఏడ్చినారని రాసేస్తావా? మొగుడి పొట్ట కొట్టే ఆడది యాడన్నా ఉంటాదా?"

"ఇల్లు పోతే పోతాది. ఆడ ఒకామెకు కాళ్ళు వాచినాయి" అంది ఎలీషబా. "రేపు సభకు ఈ డైరీ నేనే పట్టుకుపోతా. నర్సమ్మ బండి ఎల్లుండికి కనుమ కింద ఉండాల. పైకి నేను నడిపిస్తా."

అతను మళ్ళీ పేజీలోకి చూశాడు. చిన్నపిల్లవాడిలా ముద్రల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఆ ఊరికుండేది పదకొండు గడపలు గదా. పన్నెండు ముద్రలుండాయే. ఈ పన్నెండోది ఎవురిది?"

"నాది. భాగ్యమ్మ కాన్పు సుఖంగా అయిందని రాసింది నేనే గదా."

ఎలీషబా చెయ్యి కడుక్కుని వచ్చి, సిరా డబ్బా మూత తీసి, అతని మొహం ముందు పెట్టింది.

"పదమూడోదానికి పక్కన చోటు వదిలినా. చెయ్యి ఇట్ల చాపండి."